దాచిన స్లైడు

మేడ మీద గది,
ఆదివారం మధ్యాహ్నం

చెల్లెమ్మా,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోన్‌లో మైకు పోయింది, అంతే. అవతలివాళ్ల మాట నాకు వినిపిస్తుంది, నా మాట వాళ్లకు చేరదు. బాగు చేయించేదాకా నీకూ నాకూ ఉత్తరాలే. కంప్యూటర్లో రాద్దామంటే ఒక్కో అక్షరం వెతుక్కునేసరికి తెల్లారుతుంది. ఫైళ్లయితే మెయిల్లో పంపగలను, కబుర్లు మాత్రం కాగితం మీదే.

నీతో పనిబడింది. మా శిక్షణ సంస్థలో కొత్త నియమం పెట్టారు. ఇకమీదట పాఠాలన్నీ తెర మీద స్లైడ్లు వేసి చెప్పాలట. నేను కమిటీ ముందు ఒక నమూనా పాఠం చెప్పి చూపించాలి. వాళ్లకు నచ్చితే వైరింగ్ వర్క్‌షాపులో ఉంటాను. నచ్చకపోతే పక్కనున్న స్టోరులో కూర్చోబెడతారు, వైరు చుట్టలు లెక్కపెట్టుకుంటూ ఉండాలి. జీతం అదే, హోదా అదే. కానీ పిల్లల చేతికి టెస్టరు ఇచ్చి బోర్డు ముందు నిలబెట్టకపోతే నాకు తిన్నది అరగదని నీకు తెలుసు కదా.

నువ్వేమో మీ ఆఫీసులో పెద్దవాళ్లందరికీ స్లైడ్లు చేసిపెడతావు. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరగడమెందుకని నీకు రాస్తున్నాను. పాఠం పేరు 'కరెంటు ఉన్న బోర్డు దగ్గర పని చేయడం'. నాకు చేతనైనట్టు చేసి మెయిల్లో పంపాను. మీ వదిన పక్కన కూర్చుని సలహాలిచ్చింది. రంగులు ఆవిడ ఎంపిక, తిట్టేదుంటే ఆవిడను తిట్టు.

బావగారిని అడిగానని చెప్పు.

నీ అన్నయ్య


ఆఫీసు, మూడో అంతస్తు, కిటికీ లేని గది,
గురువారం, భోజనాల వేళ

అన్నయ్యా,

నీ స్లైడ్లు చూశాను. చూసి ఒక గ్లాసు మంచినీళ్లు తాగి, కాసేపు కళ్లు మూసుకుని, ఇప్పుడు రాస్తున్నాను.

మొదటి స్లైడులో అక్షరాలు గిరగిరా తిరుగుతూ వచ్చి కూర్చున్నాయి. రెండోదాంట్లో బల్బు బొమ్మ గంతులేసింది. మూడోదాంట్లో పసుపు మీద తెల్ల అక్షరాలు. కళ్ల డాక్టరుతో ఏమైనా ఒప్పందం ఉందేమో వదినను అడుగు. నాలుగోదాంట్లో నువ్వు సంసారం మొత్తం సర్దేశావు. అన్నయ్యా, ఒక స్లైడు ఒక్క సంగతే చెప్పాలి. వెనక బెంచీవాడికి కనబడని అక్షరం లేనట్టే లెక్క. అన్నిటికన్నా ముఖ్యం, తెర మీద ఉన్నదాన్ని నువ్వు చదవకూడదు. పిల్లలు నీకన్నా ముందే చదివేసి ఆవలిస్తూ కూర్చుంటారు. తెర చూపించాలి, నువ్వు చెప్పాలి. ఇద్దరూ ఒకే పని చేస్తే ఒకరు దండగ.

శీర్షికలన్నీ ఎరుపులో పెట్టావేం? ఎరుపు ప్రమాదానికి దాచుకో. ప్రతిదానికీ కేకలేస్తే అసలు కేకకు ఎవరూ పలకరు. ఆ గంతులేసే బల్బును పీకి, మీ వర్క్‌షాపులో ఉన్న నిజం బోర్డు ఫొటో పెట్టాను. మసి మరకలతో సహా ఉండనిచ్చాను. పిల్లలు రేపు చేయి పెట్టేది ఆ మసి బోర్డులోనే కదా.

ఇంకో ఘనకార్యం చేశావు. ఫైలు ఇంత బరువేమిటా అని చూస్తే, నువ్వు తెలియక రికార్డు బటన్ నొక్కి కూర్చున్నావు. ప్రతి స్లైడు వెనకా నీ గొంతే. ఒకదాంట్లో దగ్గు. ఒకదాంట్లో "ఈ బాణం గుర్తు ఎక్కడికి పోయింది" అని గొణుగుడు. ఒకదాంట్లో పాఠం సగం చదివి, మంచినీళ్లు అడగడం. అవన్నీ పీకి పారేశాను, ఫైలు దూదిలా తేలికైంది. ఒక్కటి మాత్రం చెరపబుద్ధి కాలేదు. వదిన మౌసు ముట్టుకున్నట్టుంది, "ఆగు! చెయ్యి తియ్!" అని కసిరావు. ఆవిడ ఊరుకుంటుందా, "అబ్బో, నేనేదో కరెంటు తీగ పట్టుకున్నట్టు!" అంది. నాతో పాటు పక్క సీటావిడ కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ స్లైడును చిట్టచివరికి జరిపి దాచేశాను. దాచిన స్లైడు ఫైలులోనే ఉంటుంది, పాఠం నడిచేటప్పుడు మాత్రం తెర మీదికి రాదు. మనసు బాగోలేనప్పుడు విని నవ్వుకోవడానికి నాకు ఉండనీ.

పాత ఫైలు నా మెయిల్లోంచి కూడా తీసేశాను, నీ దగ్గరున్నది నువ్వూ మెయిల్‌తో సహా తీసేయి. రెండూ ఉంటే ఆ రోజు తప్పుది తెరుస్తావు, నీ సంగతి నాకు తెలియదా.

కొత్త ఫోన్ కొనుక్కో పిసినారీ. జలుబు చేసినట్టు గొంతు కాస్త బొంగురుపోయింది, ఆ దగ్గుకు మందు వేసుకో.

నీ చెల్లెలు


మేడ మీద గది,
మళ్లీ ఆదివారం

కత్తెరా,

ఇకనుంచి నీ పేరు ఇదే. మీ వదిన కూడా ఒప్పుకుంది.

నువ్వు కత్తిరించి పంపిన స్లైడ్లు చూశాను. అందంగానే ఉన్నాయి, కాదనను. కానీ మరీ బోడిగా ఉన్నాయమ్మా. మెయిన్ స్విచ్ ఫొటో వేసి కింద 'ముందు ఇది' అని రెండు మాటలు పెట్టావు. మిగతాది ఎవరు చెబుతారు?

నేను చెబుతాననే కదా నువ్వంటావు. మనిషి నోటిని నమ్ముకోకూడదు. ఆ రోజు జలుబు చేయవచ్చు. అవతల లేత్ మిషన్లు నడుస్తూ ఉండవచ్చు. తెర మీద మాట ఉంటే అదొక భరోసా. నేను అక్కడ లేకపోయినా, చదివినవాడికి పాఠం మొత్తం బోధపడాలి. అందుకని నా మాటలన్నీ తిరిగి పెట్టేశాను. నా జోకు కూడా రాసి పెట్టాను: 'కరెంటుకు చుట్టరికాలు లేవు, ఎవరు ముట్టుకున్నా ఒకేలా పలకరిస్తుంది.' దాని కింద 'నవ్వండి' అని రాయలేదు, అంతవరకు నయమనుకో.

నీ మాట విని పాత ఫైలు తీసేశాను. నమూనా పాఠం వాయిదా పడింది. మధ్యలో నాకు కొన్నాళ్లు సెలవు పెట్టే పనుంది, వచ్చాక పెడతారట.

అక్షరాలు నీ ఇష్టం వచ్చినంత పెద్దవి చెయ్. రంగులు మార్చు. మాటలు మాత్రం తీయకు. ఈ ఒక్కటీ నా మాట విను.

నీ అన్నయ్య


ఆఫీసు, అదే గది,
బుధవారం

అన్నయ్యా,

వినను. నువ్వు మళ్లీ నింపి పంపిన స్లైడ్లు చూస్తే నాకు ఏడుపొచ్చింది. వాటిని గోడకు అతికించి నువ్వు ఇంటికి వెళ్లిపోవచ్చు, అక్కడ నీకు పనేమీ ఉండదు. నోరు మెదపకుండా పాఠం చెప్పాలని చూస్తున్నావా? మూగవాడి పాఠంలా ఉంది.

కోపంగా రాస్తున్నానని తెలుసు. ఇక్కడ నా పని అలా ఉంది. మా పెద్దసారు ఒక స్లైడు చేయమన్నాడు. కొంతమందిని ఉద్యోగాల్లోంచి తీసేస్తున్నారు, అది వాళ్లకు చూపించాలి. 'తీసివేత' అనే మాట రాకూడదట. 'సేవల పునర్వ్యవస్థీకరణ' అని పెట్టాను. వెనక లేత ఆకుపచ్చ రంగు, చదివేవాళ్లకు ప్రశాంతంగా ఉండాలని. నా విద్య అంతా ఇలాంటివాటికే ఖర్చయిపోతోంది. ఒక్క నీ స్లైడ్లే నేను మనసుపెట్టి చేసేది. వాటినీ నువ్వు పాడు చేస్తుంటే ఎలా?

నీకొక కిటుకు చెబుతాను. పాఠం మధ్యలో కీబోర్డు మీద బి అక్షరం నొక్కు. తెర నల్లబడిపోతుంది. అప్పుడు చూసేందుకు ఏమీ ఉండదు కాబట్టి అందరూ నీ ముఖం వైపు తిరుగుతారు. అప్పుడు చెప్పాలి అసలు మాట. నువ్వు పలికితే లేత్ మిషన్లు ఒక లెక్కా? చిన్నప్పుడు నేను జడపిన్ను తీసుకెళ్లి ప్లగ్గులో పెట్టబోతే, నువ్వు వాకిట్లోంచి "ఆగు!" అని అరిచావు. ఎదురింట్లోవాళ్లు కూడా పనులాపి బయటికొచ్చారు. ఆ అరుపు వల్లే నేను ఈ రోజు కూర్చుని నిన్ను తిట్టగలుగుతున్నాను. అలాంటి గొంతు పెట్టుకుని, అక్షరాల వెనక దాక్కుంటానంటావేమిటి?

వదినకు ఫోన్ చేస్తే, ఎప్పుడు చేసినా నువ్వు స్నానం చేస్తున్నావంటుంది. మనిషివా, గేదెవా? ఏదో దాస్తున్నారు మీరిద్దరూ. చెప్పు.

నీ చెల్లెలు


ఆసుపత్రి, కిటికీ పక్క మంచం,
సోమవారం

చెల్లెమ్మా,

మైకు పోయిన మాట నిజమే. ఫోన్‌ది కాదు, నాది.

చాలా రోజులుగా గొంతు బొంగురుపోయి ఉంది. దుమ్ము వల్ల అనుకున్నాను. చూసిన డాక్టరు గడ్డ ఉందన్నాడు, మంచిది కాదన్నాడు. ముదిరింది కాబట్టి మాట పుట్టే చోటంతా తీసేయాలట. తీసేశాక ఊపిరి మెడ దగ్గర పెట్టే రంధ్రంలోంచి వస్తుంది. ప్రాణానికి భయం లేదన్నాడు, మాట మాత్రం ఉండదన్నాడు. తర్వాత గొంతుకు ఆనించుకునే మిషను ఒకటి ఇస్తారట. దాంతో మాట్లాడేవాణ్ణి ఇక్కడ చూశాను. డబ్బాలో తుమ్మెద తిరిగినట్టుంది పాపం. గదిలో వినబడుతుంది, వర్క్‌షాపులో వినబడదు.

ఆపరేషన్ ఎల్లుండి. ఈ ఉత్తరం నీకు అందేసరికి అయిపోయి ఉంటుంది. కావాలనే అలా చూసుకుని రాస్తున్నాను. నా మీద కోపగించుకో, మీ వదినను ఏమీ అనకు. నేను ఒట్టు వేయించుకున్నందుకు ఆవిడ నీతో అబద్ధాలాడి, ఫోన్ పెట్టేసి ఏడ్చేది.

ఎందుకు దాచానంటే, ఈ బొంగురు గొంతు నీకు వినిపించడం ఇష్టం లేకపోయింది. చివర విన్నదే మనసులో ఉండిపోతుంది. వాకిట్లోంచి అరిచిన గొంతే నీ దగ్గర ఉండనీ అనుకున్నాను.

కమిటీ సంగతీ సగమే చెప్పాను. స్లైడ్ల నియమం అందరికీ ఉంది, కమిటీ మాత్రం నా ఒక్కడి కోసం. మాట లేనివాణ్ణి కరెంటు బోర్డుల మధ్య పిల్లలతో వదలవచ్చా లేదా అన్నది వాళ్లు తేల్చాలి. అందుకే మాటలు తెర మీద పెట్టమని బతిమాలాను. నేను పెడుతుంటే నువ్వు కొట్టేస్తున్నావు. కారణం చెప్పలేక, నిన్ను ఒప్పించలేక, ఆ రెంటి మధ్యా నలిగిపోయాను.

భయంగానే ఉంది. నీతో కాకపోతే ఇంకెవరితో చెప్పుకుంటాను.

నీ అన్నయ్య


ఇల్లు, వంటగది బల్ల,
శనివారం

అన్నయ్యా,

నీ మంచం దగ్గర ఉన్నన్నాళ్లూ నవ్విస్తూనే ఉన్నాను కదా. పలక మీద నువ్వు రాసింది చూసి నీ దస్తూరి డాక్టరు కన్నా ఘోరమన్నాను. వదిన తెచ్చిన గంజి నువ్వు తాగకపోతే నేను తాగేశాను. ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాక గానీ నాకు ఏడుపు రాలేదు. వచ్చాక ఆగలేదు.

నీ ఉత్తరం నా చేతికొచ్చేసరికి నీకు మత్తు ఇచ్చేశారు. ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే, బొంగురుదైతే బొంగురుదే, నీ చేత మాట్లాడించి దాచుకునేదాన్ని. పాఠాలు చెప్పించేదాన్ని. ఇంట్లో ఒక్కొక్కళ్లనీ పేరు పెట్టి పిలిపించేదాన్ని. నా దగ్గర ఎన్ని ఫోన్లు మారాయి, ఒక్కదాంట్లో నీ గొంతు లేదు. రోజూ వినేదాన్ని ఎవరు దాచుకుంటారు? నా పెళ్లి వీడియో తీసి చూశాను. ఉన్నావు, ఎవరితోనో మాట్లాడుతున్నావు, బ్యాండు హోరులో నీ పెదవులు మాత్రం కదులుతున్నాయి.

నీ దగ్గు, నీ గొణుగుడు, నువ్వు మంచినీళ్లు అడగడం, అన్నీ నా చేతుల్లోకి వచ్చాయి. ఫైలు బరువని నేనే తీసేశాను. పైగా పాతది కూడా తీసేయమని నీకు హుకుం జారీ చేశాను. మా ఆఫీసులో కంప్యూటర్లు చూసే అతన్ని పట్టుకుని తిరిగి తెప్పించగలవా అని అడిగాను. రాదన్నాడు. మిగిలింది ఆ దాచిన స్లైడు ఒక్కటే. దాన్ని నా ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను. వింటాను, మళ్లీ వింటాను. నన్ను చెల్లెమ్మా అని పిలిచింది ఒక్కటీ లేదు, వదినను కసిరింది ఉంది.

'మూగవాడి పాఠం' అని రాసిన ఆ కాగితం చింపెయ్. నా కోసం చింపెయ్.

నీ మాటలన్నీ తిరిగి పెట్టేశాను, జోకుతో సహా. ఎంత కావాలంటే అంత రాయి, నేను కత్తెర ముట్టుకోను.

నీ చెల్లెలు


మేడ మీద గది,
మంగళవారం

కత్తెరా,

చింపను. ఆ ఉత్తరంలో నా గొంతు గురించి నువ్వు రాసిన మాటలు ఉన్నాయి. అంత బాగా ఎవరూ పొగడలేదు.

తీసేసినదాని గురించి బాధపడకు. బరువైనదాన్ని తేలిక చేయడం నీ వృత్తి. అందులో ఏముందో నేను చెప్పందే నీకెలా తెలుస్తుంది?

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు తిరిగి మాటలు నింపి పంపిన స్లైడ్లతో ఇంట్లో పాఠం నడిపి చూశాను. మీ వదినను కుర్చీలో కూర్చోబెట్టి, బల్ల మీద ఒక చిన్న బోర్డు పెట్టాను. నేను స్విచ్ ఆపి చూపించాను, టెస్టరు ఎలా పట్టుకోవాలో చూపించాను, కరెంటు గుండెలోంచి పోకుండా ఒక చేయి వెనక్కి పెట్టుకోమని చూపించాను. ఆవిడ ఒక్కసారి కూడా నా వైపు చూస్తే ఒట్టు. తెర మీద అక్షరాలు చదువుకుంటూ కూర్చుంది. అయిపోయాక "ఏం నేర్చుకున్నావ్" అని పలక మీద అడిగితే, "మీ జోకు బాగుంది" అంది.

నువ్వు మొదటినుంచీ చెప్పిందే నిజం. మనిషి చదువుతూ చూడలేడు. నాకు ఇప్పుడు నోరు లేదు, చేతులే నోరు. తెర నిండా మాటలుంటే నా చేతులను ఎవరు చూస్తారు? మాటలు కొట్టెయ్. ముందు కన్నా ఎక్కువ కొట్టెయ్.

రెండు చోట్ల మాత్రం నాకు దారి తోచడం లేదు. ఒకటి, పిల్లలు ప్రశ్నలడిగితే జవాబెలా చెప్పాలి? పలక మీద రాసేసరికి వాళ్లు ఇంకో ప్రశ్నలోకి పోతారు. రెండోది పెద్దది. తప్పు తీగ మీద చేయి వేయబోయేవాణ్ణి ఎలా ఆపుతారని కమిటీ తప్పకుండా అడుగుతుంది. ఈల వేద్దామంటే నా ఊపిరి నోట్లోంచి రాదు. చప్పట్లు మిషన్ల హోరులో కలిసిపోతాయి. ఇన్నేళ్లూ ఆ పని ఒక్క మాటతో చేశాను. దానికి నీ దగ్గర ఏమైనా స్లైడు ఉందా?

నీ అన్నయ్య


ఆఫీసు, కిటికీ లేని గది,
సోమవారం

అన్నయ్యా,

ఇంత ఇష్టంగా నేను ఎప్పుడూ ఏదీ చేయలేదు. మెయిల్లో పంపాను, చూడు.

పాఠంలో ఫొటోలూ, ఒకటి రెండు మాటలూ తప్ప ఏమీ లేవు. నీ చేతులకు చోటు వదిలాను. ఎరుపు ఒక్కచోటే ఉంది. పాఠం అయిపోయాక వెనక జవాబుల స్లైడ్లు పెట్టాను. పిల్లలు ఎప్పుడూ అడిగేవి నువ్వు రాసి పంపావు కదా, ఒక్కో ప్రశ్నకు ఒక్కో బొమ్మ. అంకె కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా ఆ స్లైడు వస్తుంది. అంకెల పట్టీ అట్టముక్క మీద రాసి కంప్యూటర్ పక్కన పెట్టుకో. మెయిన్ స్విచ్ పద్నాలుగు. ఫ్యూజు ఇరవై. అలా.

పెద్ద ప్రశ్నకు నా దగ్గర స్లైడు లేదు. బోర్డులన్నిటికీ కలిపి ఒక పెద్ద స్విచ్ నీ బల్ల మీదే పెట్టించమని అడుగు. వాళ్లు ఆపడం గురించి అడిగితే పద్నాలుగు వేసి, ఆ ఫొటోలోని స్విచ్ మీద చేయి పెట్టి, అలాంటిది కావాలని చూపించు. ఇంతకన్నా నాకు తోచలేదు.

చివర నలభై ఒకటి దాచిన స్లైడు. దాన్ని ఈ ఫైలులోంచి తీసేయడానికి మళ్లీ చేతులు రాలేదు. అది దానంతటది రాదులే, దాని జోలికి పోకు.

ఆ రోజు నేను సెలవు పెట్టి వస్తానంటే వద్దన్నావు. సరే. ఇక్కడే కూర్చుని గోళ్లు కొరుక్కుంటాను.

నీ చెల్లెలు


మేడ మీద గది,
శుక్రవారం సాయంత్రం

చెల్లెమ్మా,

పాఠం బాగా జరిగింది. ముందు ఆ మాట రాయాలి. చెప్పడం మొదలుపెట్టాక, అదే, చూపించడం మొదలుపెట్టాక పిల్లలందరూ కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. నీ నల్ల తెర కిటుకు కూడా వాడాను. బి నొక్కగానే అందరూ నా ముఖం వైపు చూశారు. చెప్పడానికి ఏముంది నా దగ్గర? తర్వాత నెమ్మదిగా రెండు చేతులూ ఎత్తి, ఒకటి వెనక్కి పెట్టుకున్నాను. వాళ్లూ పెట్టుకున్నారు. కమిటీలో ఒకావిడ కూడా తెలియకుండానే పెట్టుకుంది. ప్రశ్నలడిగారు, అంకెలు కొట్టాను, జవాబులొచ్చాయి. కత్తెరా, నీ చేతికి పూజ చేయాలి.

తర్వాత పిల్లలు బోర్డుల దగ్గరికి వెళ్లి పని మొదలుపెట్టారు. అప్పుడు కమిటీ పెద్దాయన అడిగాడు. మంచి మనిషే. "మాస్టారూ, ఇప్పుడే వీళ్లలో ఒకడు తప్పు తీగ మీద చేయి వేయబోయాడనుకోండి. మీరు ఈ మూల ఉన్నారు. ఎలా ఆపుతారు?" అన్నాడు.

పద్నాలుగు కొడదామనుకున్నాను. కీబోర్డు చూడకుండా, ఆయన ముఖం చూస్తూ కొట్టాను. నాలుగు ముందు పడింది, ఒకటి తర్వాత పడింది. ఎంటర్ నొక్కాను.

"ఆగు! చెయ్యి తియ్!"

మిషన్ల హోరులోనూ వినబడాలని వర్క్‌షాపులో పెద్ద స్పీకర్లు పెట్టారు. గోడలు అదిరాయి. పిల్లలందరూ ఒక్కసారిగా బోర్డుల మీంచి చేతులు తీసి పైకెత్తారు. ఒక్కడు కూడా తడబడలేదు. కొందరు ఎవరొచ్చారా అని తలుపు వైపు చూశారు. ఏం చెప్పను, నేనూ తలుపు వైపు చూశాను.

ఆ వెంటనే అదే స్పీకర్లలోంచి మీ వదిన "అబ్బో, నేనేదో కరెంటు తీగ పట్టుకున్నట్టు!" అంది. పిల్లలు గొల్లుమన్నారు. కమిటీవాళ్లు నవ్వారు. పెద్దాయన ఒక్కడే నవ్వలేదు. పిల్లలు చేతులు దించేదాకా ఆగి, నా భుజం మీద చేయి వేసి, "మాస్టారూ, మాకు కావలసింది ఇదే. ఇది ఇప్పుడు మీ దగ్గర లేదు" అన్నాడు.

బల్ల మీద పెద్ద స్విచ్ గురించి రాసి చూపించాను. "మీరు బల్ల దగ్గరే కూర్చుని పాఠం చెప్పే మనిషి కాదు కదా" అన్నాడు. అదీ నిజమే. తలుచుకుంటే ఆయన మాటలో తప్పేమీ కనబడడం లేదు. ఆ చేయి నా సొంత బిడ్డదైతే నేనూ అలాగే అనేవాణ్ణి.

సోమవారం నుంచి స్టోరు. కాగితంలో మంచి మాటే రాశారు, 'సేవల పునర్వ్యవస్థీకరణ' అని.

నీ అన్నయ్య


ఇల్లు,
బుధవారం

అన్నయ్యా,

ఆ మాట చదివాను. నేను ఎంతమందికి చూపించానో ఆ మాటను, ఆకుపచ్చ రంగు వేసి. ఒకసారి అది చదివి మా ఆఫీసులో ఒకాయన నా వైపు చూశాడు. అప్పుడు ఆయన చూపు నాకు అర్థం కాలేదు.

కమిటీకి ఉత్తరం రాయనా? వచ్చి మాట్లాడనా? నీ శిష్యుల చేత సంతకాలు పెట్టించనా? నీ చేతుల్లో ఉన్న విద్యను వైరు చుట్టల మధ్య పడేస్తారా?

ఇదంతా నా వల్లే. ఆ స్లైడు అక్కడ లేకపోతే నీ చేయి స్విచ్ మీదికి వెళ్లేది. నువ్వు పోగొట్టుకున్నదేమిటో నీ నోటితోనే వాళ్లకు వినిపించాను. వెంటనే దాన్ని తీసేయి. ఈసారి నేను ఒప్పుకుంటున్నాను.

నీ చెల్లెలు


స్టోరు గది, ఎత్తు స్టూలు మీద,
సోమవారం మధ్యాహ్నం

చెల్లెమ్మా,

ఎవరికీ ఏమీ రాయకు. రాసినా వాళ్లు చెప్పే జవాబు నాకు ముందే తెలుసు, నేనూ దానికి తల ఊపుతాను. నీ వల్ల ఏదీ కాలేదు. స్విచ్ చూపించినా వాళ్లు ఇదే తేల్చేవాళ్లు, కాకపోతే పిల్లలకు ఆ నవ్వు దక్కేది కాదు.

ఇక్కడ బాగాలేదు. బాగుందని నీకు అబద్ధం రాయలేను, ఒకసారి రాసి చూశాను కదా. గది చల్లగా, చీకటిగా ఉంటుంది. ఎవరైనా బల్బు కోసం వస్తే ఇచ్చి సంతకం తీసుకుంటాను. మిగతా సమయం వైరు చుట్టలు లెక్కపెడతాను. అవతల గోడ వెనకే వర్క్‌షాపు. పిల్లల గొంతులు వినబడతాయి, ఏమంటున్నారో తెలియదు.

నా చోటికి వచ్చిన ఇన్‌స్ట్రక్టరు ఒకప్పుడు నా దగ్గర నేర్చుకున్నవాడే. మెత్తటి మనిషి, గొంతు కూడా మెత్తనే. మొన్న స్టోరుకు వచ్చి, చేతులు నలుపుకుంటూ నిలబడి, "మాస్టారూ, మీ స్లైడ్లు వాడుకోనా?" అన్నాడు. వాడుకోమని తల ఊపాను. "ఆ చివరిది కూడా" అన్నాడు. అందులో మీ మాస్టారమ్మ మాట ఉంది, అది కత్తిరించుకో అని పలక మీద రాశాను. "వద్దండీ, నవ్విందే గుర్తుంటుంది" అన్నాడు. నీ దగ్గర శిష్యరికం చేసినట్టు మాట్లాడాడు. కాబట్టి దాన్ని తీసేయలేదు. ఇప్పుడది దాచిన స్లైడు కాదు, పాఠంలో మొదటి స్లైడు.

ఈ రోజు పొద్దున కొత్త బ్యాచి వచ్చింది. నేను స్టూలు మీద కూర్చుని ఎర్ర వైరు చుట్టలు లెక్కపెడుతున్నాను. గోడ అవతల ఒక్కసారిగా "ఆగు! చెయ్యి తియ్!" అని వినబడింది.

నా ముఖం వాళ్లెవరూ చూడలేదు. అయినా అవతల అంతా నిశ్శబ్దమైపోయింది. నా చేతిలో ఉన్న చుట్ట కింద పడి దొర్లుకుంటూ తలుపు దాకా పోయింది. చూసుకుంటే నా రెండు చేతులూ పైకి లేచి ఉన్నాయి.

తర్వాత మీ వదిన మాట వినబడింది, పిల్లలు నవ్వారు, పాఠం మొదలైంది. నేను చేతులు దించుకుని, దిగి ఆ చుట్ట తెచ్చుకుని, లెక్క మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను.

నీ అన్నయ్య